గొట్టం అడుగున గుర్తు

ఆ సందు చివర మూతపడిన తుపాకుల కార్ఖానా ఒకటుంది. చీకటి పడితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. దారి రెండింతలైనా సరే, చుట్టు తిరిగే పోతారు. లోపల ఎవరో ఆకురాయి పెడుతున్న చప్పుడు వస్తుందంటారు... గర్... గర్... అని.

ఎనభై ఏళ్ళ కింద అక్కడే తుపాకీ పేలి మేస్త్రీ చచ్చిపోయాడట. ఆ రాత్రే ఆయన శిష్యుడు ఒక పిస్తోలుతో సహా మాయమయ్యాడు. ఇంకేముంది — గురువుని చంపి సొత్తు ఎత్తుకుపోయాడని ఊరంతా తేల్చేసింది.

ఆ శిష్యుడి మనవడు బజార్లో తాళాలు బాగుచేస్తాడు. అందరూ తాళాలాయన అంటారు. ఎంత మొండి తాళమైనా ఆయన చేతిలో పిల్లి అయిపోతుంది. కానీ బేరం కుదరకపోతే చాలు, దొంగ మనవడికి తాళాలు తీయడం ఒకరు నేర్పాలా అని మాట విసిరి పోయేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయన తల్లి మాత్రం ఊరుకోలేకపోయింది. మంచం పట్టి మూడు నెలలు. తన తండ్రి పెట్టెలోంచి ఆ పిస్తోలు తీయించి, ఎవరి చేతి పనో తేల్చమంది. ఆ రాత్రి గురించి తండ్రి ఏనాడూ పెదవి విప్పలేదట. ఒక్కటే చెప్పాడట — ఆ కార్ఖానాలో ఎవరు చేసిన పిస్తోలుకి వాళ్ళ గుర్తు గొట్టం అడుగున, చెక్క కిందికి దాగేలా గుద్దుతారు. అదే గుర్తు పనిబల్ల అంచున కూడా గుద్ది, పక్కన పేరు చెక్కుతారు.

"మేస్త్రీ గుర్తుంటే తీసుకెళ్ళి నూతిలో పడెయ్. మా నాన్నదైతే నా చేతిలో పెట్టు. తెలుసుకునే పోతాను నాయనా."

తెల్లారితే కార్ఖానా పడగొట్టేస్తారని ఆ సాయంత్రమే తెలిసింది. ఇక తప్పుతుందా... పిస్తోలు, టార్చీ, నూనె డబ్బా, నీళ్ళ సీసా, మంట ఊదే దీపం పట్టుకుని బయల్దేరాడు.

లోపల బల్ల అలాగే ఉంది. బెత్తెడు దుమ్ము. పిస్తోలు గొట్టాన్ని చెక్కకి పట్టి ఉంచిన మరమేకు ఒక్కటే — తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. తాళాలకి రోజూ చేసేదే కదా, కాస్త సెగ తగిలితే అదే వదులుతుంది. దీపం ముట్టించాడు. మంట దగ్గరికి తెచ్చాడు...

"కడ్డీ పెట్టి చూశావా?"

మూల నుంచి గుసగుస. తాళాలాయనకి పైప్రాణాలు పైనే పోయాయి. చీకట్లో ఒక ముసలాయన, తల మీదుగా గుడ్డ కప్పుకుని, గోడకి చేరగిలి ఉన్నాడు. సామాన్లు పోకుండా పెట్టిన కాపలా మనిషి కాబోలు అనుకున్నాడు.

"కడ్డీ దేనికి తాతా?"

"ముందు మంట ఆర్పు."

ఆర్పాడు. బల్ల మీద దొరికిన కడ్డీ తీసుకుని, గొట్టం పొడవు దాని మీద బయట కొలిచి, తర్వాత లోపలికి దింపాడు. నాలుగు వేళ్ళ మేర దిగలేదు. అడుగున ఏదో ఉంది... మందు. గుండు. తన తాత ఆనాడు దట్టించింది దట్టించినట్టే. సెగ ఇంకొక్క నిమిషం తగిలుంటే —

ముసలాయన చెప్పినట్టే గొట్టంలో నీళ్ళు పోసి మందు నానబెట్టాడు. మెలితిప్పిన తీగతో గుండు లాగాడు. తర్వాత మరమేకుకి నూనె పెట్టి, తట్టి తట్టి, ఎంతసేపటికో ఊడదీశాడు.

గొట్టం అడుగున చిన్న గువ్వ.

టార్చీ బల్ల అంచున నడిపించాడు. చేప... చేప... చేప... అన్నిటి పక్కనా మేస్త్రీ పేరే. చిట్టచివర ఒకే ఒక్క గువ్వ. పక్కన వంకర అక్షరాల్లో తన తాత పేరు.

తాళాలాయన బల్ల మీద తల ఆనించి ఏడ్చేశాడు. "మా తాత చేసిందే. మేం దొంగలం కాదు తాతా."

"దొంగా?" ముసలాయన ముందుకి వంగాడు. "లోపల మందుంది గురువుగారూ, సెగ పెట్టొద్దు అని వాడు నా చెయ్యి పట్టుకుని లాగాడురా... నేనే వినలా."

గుడ్డ జారింది. టార్చీ వెలుగు పడింది — కనుబొమ్మల పైన తల లేదు.

ఇంటికెలా వచ్చాడో ఆయనకే తెలీదు. తల్లి ఆ గువ్వని బొటనవేలితో తడిమింది. మళ్ళీ మళ్ళీ తడిమింది. తండ్రి చంపలేదనీ, తుపాకీ పేలిన రాత్రి అక్కడే ఉన్న ఒక ముసలాయన చెప్పాడనీ చెప్తే కళ్ళు మూసుకుని విన్నది. ఎలాంటి ముసలాయనో మాత్రం తాళాలాయన చెప్పలేదు.

"ఎంత చల్లటి మాట చెప్పాడురా," అంది. "మనింటికి రమ్మను నాయనా. పోయేలోపు ఒక్కసారి దణ్ణం పెట్టుకుంటాను."

తాళాలాయన లేచి వెళ్ళి వీధి తలుపుకి గడియ పెట్టొచ్చాడు.