వలిసె పూల పసుపు

"ఏటిది, నాచు పట్టినట్టుంది!"

గంగ తనలో తనే అనుకుంది. బడి కంప్యూటరు గదిలో, మూలనున్న పాత మానిటరు మీద బిందుమాధవి వేసిన బొమ్మ ఉంది. కొండ కింద వలిసె చేను. గట్టు మీద, జడలో వలిసె పువ్వు పెట్టుకున్న పిల్ల. పూలు పసుపుగా ఉండాలి కదా, ఇవేమో ఆకుపచ్చగా కొడుతున్నాయి.

బిందు మంచినీళ్ళకి వెళ్ళింది. వాళ్ళ నాన్న నర్సీపట్నం నుంచి బదిలీ మీద అరకు వచ్చిన కాంపౌండరు. ఆ పిల్ల వలిసె చేను చూసిందే ఈ ఏడాది. గంగ వాళ్ళకైతే సొంత చేనే ఉంది. ఆ పువ్వు రంగు తనకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పాపం, సాయం చేద్దామనుకుంది. రంగుని ఎరుపు వైపు జరిపి జరిపి, రంగు పోసే బకెట్ బొమ్మ నొక్కి చేనంతా పోసేసింది. అచ్చం వాళ్ళ చేనులాగే వచ్చింది. సేవ్ చేసింది. చూశాక అందరూ మెచ్చుకుంటారులే!

మంగరాజు మాస్టారు ఆ బొమ్మని ఫ్లాపీలో తన కంప్యూటరుకి తెచ్చుకున్నారు. పాడేరు ప్రదర్శనకి బడి నుంచి వెళ్ళే బొమ్మ అదొక్కటే. బయట జీపు ఎదురు చూస్తోంది.

తెర మీద చేనంతా నారింజ రంగు.

"ఇవి వలిసెలా, కనకాంబరాలా?" అన్నారు మాస్టారు. "ఇలా పంపలేనమ్మా."

"నేనిలా ఎయ్యనేదు సార్!" అప్పుడే తిరిగొచ్చిన బిందు తెర దగ్గరికి దూసుకొచ్చింది.

గంగ ముందుకొచ్చింది.

"నేనే మార్సీసినాను సార్. ఆ మూలదాంట్లో ఆకుపచ్చగా అవుపించింది."

"ఆ మానిటరుకి ఎరుపు సరిగ్గా రాదు కదే! బొమ్మ బాగానే ఉంది, తెరదే తేడా."

"నన్ను అడగొచ్చు కదే?" అంది బిందు.



"పాత రంగు గుర్తుందా?" మాస్టారు బిందుని అడిగారు.

"నేదు సార్. కలిపి కలిపి ఎలాగో తెచ్చినాను."

మాస్టారు ఒక చిన్న ప్రోగ్రాము తెరిచారు. విశాఖలో స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నది, పైసా కట్టక్కర్లేనిది. మౌసుని ఏ చుక్క మీద పెడితే ఆ చుక్క రంగుని అంకెల్లో చెప్పేస్తుంది. మానిటరు మన కళ్ళని మోసం చేస్తుందేమో కానీ దాన్ని చెయ్యలేదు.

"కానీ పాత రంగు ఎక్కడైనా మిగిలుండాలి," అన్నారు.

గంగ మాస్టారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, తెరకి ముక్కు ఆనేలా వంగి వెతికింది.

"సార్! జడలో పువ్వు! బకెట్ అక్కడికి పోనేదు!"

మౌసు అక్కడ పెట్టింది. ఎరుపు 255, ఆకుపచ్చ 210, నీలం 0. ఆ అంకెలు కొట్టగానే పాత పసుపు సిద్ధమైంది.

గంగ చెయ్యి బకెట్ వైపు పోయింది. అంతలోనే ఆగింది. లేచి, కుర్చీ బిందు వైపు జరిపింది.

"నువ్వే పొయ్యి. బేగి రాయే, జీపు ఎలిపోతాది."

బిందు పోసింది. చేను పసుపెక్కింది.

"బాగుందేటే?"

"మా సేనులో ఇంకాస్త ముదురుగా ఉంటాది," గంగ ఉన్నమాట చెప్పింది.

"మార్సమంటావా?"

గంగ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"అది నీ సేను. నీకెలా నచ్చితే అలా."

బిందు ఆ పసుపునే ఉంచి, సేవ్ నొక్కింది. గంగ ఫ్లాపీ అందుకుని జీపు దగ్గరికి పరుగెత్తింది.