లండన్ వెళ్ళే పదకొండో ఉత్తరం

"పదకొండు ఉత్తరాలు. పడవ కదలడానికి గంట టైముంది. వీటిలో ఒకదాంట్లో మన రేవు లోతుల లెక్క లండన్‌కి పోతోంది," అన్నాడు కెప్టెన్. "రాసినవాణ్ణి పట్టు. సాయంత్రానికి ఉరి తీయిస్తాను."

గూఢచారి శాఖ ఏజెంట్ వౌటర్ తలూపాడు. ఆ పదకొండులో ఒకటి అతనికి చదువు చెప్పిన డాక్టర్ ఓస్టర్లింగ్‌ది. ఇంగ్లండ్‌తో యుద్ధం నడుస్తున్నా, అక్కడి పండితులకు పురుగుల గురించి రాయడం మానని మొండి ముసలాయన.

ఫ్లిసింగెన్ రేవులో ఆ ఏడు ప్లేగు. బయటికి పోయే ప్రతి ఉత్తరాన్నీ విప్పి గంధకం పొగ పట్టించాల్సిందే. అంతకన్నా మంచి మారువేషం ఏముంటుంది? వౌటర్ పొగ పట్టించేవాడిలా మైనం పూసిన కోటు తొడుక్కుని కుంపటి ముందు కూర్చున్నాడు. నిమ్మరసంతో రాసిన రాత వేడి తగిలితే బయటపడుతుంది. పక్కనే అలైదా. రేవంతా కళ్ళప్పగించి చూసే అందగత్తె, అతని శాఖలోనే సీనియర్ ఏజెంట్. ఉత్తరాల సంచీ తెచ్చింది ఆమే.

పది కాగితాలు ఊరికే పసుపెక్కాయి. పదకొండోది గురువుగారిది. దాని అంచుల్లో గోధుమరంగు అంకెలు ఒక్కొక్కటే తేలాయి. వౌటర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంకా చూస్తావేం? కెప్టెన్ని పిలవనా?" అంది అలైదా తాపీగా.

"ఒక్క నిమిషం ఆగండి."

"గురువుగారని జాలా? ఆ తాడు నీ మెడకీ చుట్టుకుంటుంది, చూస్కో."

నిజమే. ఆ భయంతోనే కాగితాన్ని కుంపట్లో పడేద్దామనుకున్నాడు. అప్పుడు కనిపించింది, ఆ అంకెల కోసమే అంచున నాలుగు వేళ్ళ వెడల్పున వదిలిన చోటు. టపా ఖర్చు కాగితానికింతని అందుకున్నవాడి నెత్తిన పడుతుంది. అందుకే పండితులెవరూ కాగితం ఖాళీగా వదలరు. గురువుగారైతే కాగితాన్ని అడ్డంగా తిప్పి అంచుల్లో కూడా రాస్తారు.

కెప్టెన్ లోపలికొచ్చాడు. "ఎవడు?"

వౌటర్ ఆ అంచు మీద వేలు పెట్టాడు. తన అనుమానం తప్పయితే ఉరికంబం ఎక్కేది ఇద్దరు. "ఇది దొంగ ఉత్తరం సార్. సంచీ ఆవిడ చేతుల్లోంచే వచ్చింది. ఆవిణ్ణి వెతికించండి."

అలైదా చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. వౌటర్ కుంపటిని ఆమె కాళ్ళ మీదికి తన్నాడు. గుండు పైకప్పులో దిగింది.

ఆమె కోటు అస్తరులో, చేతిరాత చూసి దించాక దాచుకున్న గురువుగారి అసలు ఉత్తరం దొరికింది. లోతుల లెక్క పంపేది ఆమే; గుట్టు రట్టయినా ఉరి ముసలాయనకే పడాలని ఆమె ఎత్తు.

"ఇందులో మాత్రం రహస్యం లేదని గ్యారంటీ ఏంటి?" అన్నాడు కెప్టెన్.

వౌటర్ ఉత్తరం అతనికిచ్చాడు. పేను కాళ్ళ గురించి రాసీ రాసీ, దేశద్రోహానికి ఆయన బెత్తెడు చోటు కూడా మిగల్చలేదు.