కోత పడిన రింగు

స్టూడియో యజమాని తన బల్ల పక్కనే బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం పగిలిపోయింది. పక్కనే ట్రైపాడ్. దాని కాలికి రక్తం.

శవాన్ని మొదట చూసింది అతని తమ్ముడు. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. వయసు ముప్పై దాటినా ఆ పిలుపు పోలేదు. అతనే పోలీసులకి ఫోన్ చేశాడు. సాయంత్రానికి అతనే లాకప్‌లో ఉన్నాడు.

సబ్-ఇన్‌స్పెక్టర్ హుషారుగా ఉన్నాడు.

"కేసు అయిపోయింది సార్. ట్రైపాడ్ నిండా వీడి వేలిముద్రలే. ఉదయం పదింటికి అన్నదమ్ములు అరుచుకున్నారు. కింద టైలర్ విన్నాడు. వీడు వేరే స్టూడియో పెట్టుకుంటానన్నాడట. అన్న చెప్పు తీశాడట."

"ఆ ట్రైపాడ్ రోజూ మోసేది ఎవరు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"వీడే సార్."

"మరి వేలిముద్రలు నావి ఉంటాయా?"

సబ్-ఇన్‌స్పెక్టర్ ఫైలు మూశాడు.

ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరు. హతుడి భార్య, ఆమె సొంత తమ్ముడు. అతను బావ దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాడు. కుటుంబం పైఅంతస్తులో, స్టూడియో మధ్యలో, టైలర్ షాపు కింద. స్టూడియోకి వెనక నుంచి ఇంకో మెట్లదారి ఉంది. అది ఇంట్లోవాళ్ళకే తెలుసు.

చావు పదకొండుకీ పన్నెండుకీ మధ్య జరిగిందన్నాడు డాక్టర్. ఆ సమయానికి చిన్నోడు ఎక్కడున్నాడో చెప్పడానికి సాక్షి లేడు. కోపంలో రోడ్లమ్మట తిరిగానన్నాడు.

బావమరిదికి సాక్ష్యం ఉంది. మెడలోనే వేలాడుతోంది.

"జలపాతం దగ్గరున్నాను సార్. చూడండి." కెమెరా తెర చూపించాడు. నడినెత్తిన ఎండ. రాళ్ళ నీడలు రాళ్ళ కిందే ఉన్నాయి. నీళ్ళు మాత్రం నీళ్ళలా లేవు. తెల్లని పొగలా జారుతున్నాయి. ఫోటో కింద ఆ రోజు తేదీ, టైం పదకొండు నలభై. ఆ జలపాతం బండి మీద గంట దూరం.

"నీళ్ళు ఇలా ఎలా వచ్చాయి?"

"నల్లద్దం సార్. డార్క్ ఫిల్టర్. అది పెడితే ఎండలో కూడా షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచొచ్చు. ఉదయం ఎనిమిదింటికి బావే ఇచ్చి పంపాడు."

హతుడి భార్య తల ఊపింది. "నేను చూశాను సార్. ఆ ఫిల్టర్ కెమెరాకి పెట్టుకునే వెళ్ళాడు."

"మీ ఆయన అప్పటికి లేచారా?"

"లేచారు. తొమ్మిదింటికి స్నానం చేశారు. చొక్కా నేనే ఇస్త్రీ చేసిచ్చాను. అదే..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చొక్కాలోనే పోయాడు.

కెమెరా, చొక్కా రెండూ స్టేషన్‌కి వచ్చాయి.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ చొక్కాని కిటికీ దగ్గర పరిచి చూశాడు. కుడి చేతి మడతలో ఏదో మెరిసింది. మెడ కింద రక్తం ఎండిన చోట కూడా, రక్తం అడుగున అదే మెరుపు.

"స్టూడియో దుమ్ము సార్," అన్నాడు సబ్-ఇన్‌స్పెక్టర్.

"దుమ్ము మెరుస్తుందా?"

చొక్కా ల్యాబ్‌కి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ కెమెరా పట్టుకుని లాకప్ దగ్గరికి వెళ్ళాడు.

చిన్నోడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"వదిన వచ్చిందా సార్?"

"రాలేదు."

"వస్తుంది. నన్ను ఆవిడే పెంచింది. అమ్మ పోయినప్పుడు నాకు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. ఆవిడకి తెలుసు, నేను కానని."

ఇన్‌స్పెక్టర్ ఊచల దగ్గర కూర్చున్నాడు. కెమెరా ముందుకు తోశాడు. "లెన్స్ కంటే అద్దం ఇంత పెద్దగా ఉందేమిటి?"

"అది అన్నయ్య ఫిల్టర్ సార్. లెన్స్ మూతి లోపల మర ఉంటుంది. అన్నయ్య లెన్స్‌ది డెబ్బై ఏడు మిల్లీమీటర్లు. వదిన తమ్ముడి లెన్స్‌ది యాభై ఎనిమిది. ఫిల్టర్ ఒకటే, డెబ్బై ఏడుది. చిన్న మూతికి పెద్ద మూత పట్టదు కదా. అందుకని మధ్యలో ఈ రింగు. ఒక వైపు యాభై ఎనిమిది, ఇంకో వైపు డెబ్బై ఏడు."

"తీసి చూపించు."

"రాదు సార్. అన్నయ్య పోవడానికి ముందు రోజు వాడు జలపాతం దగ్గర వంకరగా ఎక్కించి బిగించేశాడు. మర కరిచేసింది. ఫిల్టరూ రింగూ ఒకటే ముద్ద అయిపోయాయి. రబ్బరుతో పట్టి తిప్పినా కదల్లేదు. ఆ రింగు ఉన్నంతసేపూ ఫిల్టర్ అన్నయ్య లెన్స్‌కి ఎక్కదు. రాత్రంతా వాణ్ణి తిట్టాడు."

"తిప్పి చూడు."

చిన్నోడు వేళ్ళతో పట్టి తిప్పాడు. ఫిల్టర్ సబ్బు రాసినట్టు ఊడి వచ్చింది. అతను దాని వంక, రింగు వంక మార్చి మార్చి చూశాడు.

రింగు అంచున సన్నని కోత ఉంది. నల్ల రంగు చెదిరి లోపలి తెల్ల లోహం కనిపిస్తోంది. కొత్త కోత.

"ఇది ముందు రోజు ఉందా?"

"లేదు సార్. ఇలా ఒక చోట కోస్తే రింగు సడలుతుంది. ఫిల్టర్ వదులుతుంది. కానీ రింగు మీద ఆశ వదులుకోవాలి."

ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఇన్‌స్పెక్టర్ అందరినీ స్టూడియోకి పిలిచాడు. చిన్నోణ్ణి బేడీలతో తెచ్చారు. వదిన అతని వైపు చూడలేదు. ఆమె తమ్ముడు కుర్చీలో కాలు ఊపుతున్నాడు.

"ఈ కోత ఎప్పుడు పడింది?" ఇన్‌స్పెక్టర్ రింగు ఎత్తి పట్టుకున్నాడు.

బావమరిది ఆలోచించకుండా అన్నాడు. "ముందు రోజు రాత్రి సార్. బావే కోశాడు."

"రాత్రే?"

"అవును. ఉదయం ఎనిమిదింటికి నాకిచ్చేశాడు కదా."

"మళ్ళీ వెనక్కి వచ్చావా?"

"లేదన్నానుగా! మూడింటికి వచ్చాను. అప్పటికి ఇల్లంతా పోలీసులే."

"అయితే రింగు ఎనిమిది నుంచి మూడు దాకా నీ దగ్గరే ఉంది."

"నా దగ్గరే."

ఇన్‌స్పెక్టర్ గోడకి వేలాడుతున్న, లోహం కోసే హ్యాక్సా బ్లేడు తీసి బల్ల మీద పెట్టాడు. "దీని పళ్ళలో అల్యూమినియం రజను ఉంది. బల్ల మీద లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు. కానీ శవం చొక్కా తుడవలేదు. చొక్కా మీద రజను ఉంది. ఈ రింగుదే, ఈ నల్ల రంగుతోనే. కొంత రక్తం అడుగున ఉంది. అంటే రజను ముందు పడింది, దెబ్బ తరవాత పడింది."

"ఉంటే ఉంటుంది. బావే కోశాడని చెప్పాను కదా."

"ఆ చొక్కా ఆయన తొమ్మిది దాటాక వేసుకున్నాడు. అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా. అమ్మా, మీరే కదా ఇచ్చింది?"

ఆమె తల ఊపబోయి తమ్ముడి వైపు చూసింది.

"తొమ్మిది తరవాత ఈయన రింగు కోస్తుంటే, అదే రింగు ఎనిమిదికే జలపాతం దగ్గరికి ఎలా వెళ్ళింది? ఫోటో నువ్వు తీసిందే. ముందు రోజు తీసింది. తేదీ కంప్యూటర్‌లో మార్చి మళ్ళీ కెమెరాలో వేశావు. ఆ ఫోటోకి ఈ ఫిల్టర్ కావాలి, ఉన్నది ఒక్కటే. అందుకే శవం పక్కనుంచి ఎత్తుకెళ్ళి కెమెరాకి తగిలించుకున్నావు."

బావమరిది కాలు ఆగింది.

"అక్కా, చెప్పవే. నువ్వు చూశావు కదా, చెప్పవే!"

"ఆవిడేం చూసిందో ఆవిడే చెప్పాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అమ్మా, ఇంకోసారి అడుగుతున్నాను. ఏం చూశారు?"

ఆమె తమ్ముడి వైపు చూడకుండా చెప్పింది.

"చప్పుడు విని వెనక మెట్లమీదుగా దిగాను. వాడు చేతులు కడుక్కుంటున్నాడు."

"నోర్ముయ్యవే!" బావమరిది లేచాడు. కానిస్టేబుల్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు. బావమరిది కుర్చీలోంచే అరిచాడు. "నా రింగుని నా ముందే కోశాడు సార్. నవ్వుతూ కోశాడు. నీ లెన్సూ చిన్నదే, నీ చూపూ చిన్నదే, నీకెందుకురా పెద్దవాళ్ళ అద్దాలు అన్నాడు. ఎనిమిదేళ్ళు పడ్డాను ఆ నవ్వు."

"పడలేకపోతే వెళ్ళిపోవాల్సింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తలుపు బయటికే తెరుచుకుంటుంది. తీసుకెళ్ళండి."

చిన్నోడి చేతుల నుంచి బేడీలు తీసి అతనికి వేశారు. జీపు చప్పుడు వీధి చివర్న వినపడకుండా పోయింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం స్టూడియోలోనే ఉండిపోయాడు.

వదిన మెల్లగా లేచింది. "వాడు నా తోడబుట్టినవాడు చిన్నోడా. ఏం చెయ్యను చెప్పు? నీకు శిక్ష పడదులే అనుకున్నాను. ఎలాగోలా వదిలేస్తారనుకున్నాను."

"వదిలెయ్యకపోతే?"

ఆమె కొంగు సవరించుకుంది.

"నన్ను తీసుకెళ్తుంటే నువ్వు గుమ్మంలోనే ఉన్నావు వదినా. నీ వైపే చూశాను. నువ్వు ఒక్క మాట అంటావని మెట్టు మెట్టుకీ ఆగాను. ఆ కానిస్టేబుల్ ఆగినందుకు కొట్టాడు కూడా."

"ఇంట్లో ఇంకెవరున్నారురా నాకు?"

అతను చొక్కా మణికట్టు గుండీ పెట్టుకోబోయాడు. బేడీలకి వాచిన వేళ్ళు వంగలేదు. ఆమె అలవాటుగా చెయ్యి చాపింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుండీ అలాగే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

ఆమె ఏడ్చింది. ముందు చెప్పింది అబద్ధమని ఒప్పుకునే వాంగ్మూలం మీద ఆమె సంతకం కోసం ఇన్‌స్పెక్టర్ పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు ఆగేదాకా నిలబడ్డాడు. ఊరుకోమని మాత్రం అనలేదు.