అవునన్న మధ్యాహ్నం

పసుపు ఉడకబెట్టే దినాలొస్తే ఆర్మూర్‌లో కాకులు కూడా పచ్చగా తిరుగుతాయి. ఎండకు గుట్ట మీది రాళ్లు చెమటలు కక్కుతాయి. అలాంటి ఓ మిట్టమధ్యాహ్నం బజారంతా తలుపులేసుకుని కునుకు తీస్తుంటే, బస్టాండు పక్కన భూమేష్ ఇంటర్నెట్ సెంటర్‌లో కరుణశ్రీ కంప్యూటర్‌తో కుస్తీ పడుతోంది. వేడిగాలి కొట్టకుండా షట్టర్ మోకాలెత్తుకు దించి ఉంది.

పట్నంలో ఓ పెద్ద దవాఖానలో నర్సు ఉద్యోగం. దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. ఇది తప్పితే మళ్లీ తల్లి రత్నవ్వ వెంట మెండోర చేన్లలో పసుపు తవ్వడమే. వారం నుంచి రోజూ చూస్తున్న సైటే. దాని రంగులు, మూలనున్న నర్సమ్మ బొమ్మ కళ్లు మూసినా కనిపిస్తాయి. ఇవాళేమో పేజీ తెరిస్తే చాలు, ఓ హెచ్చరిక డబ్బా వచ్చి నట్టనడుమ కూర్చుంటోంది. ఈ సైటు తాను చెప్పుకుంటున్న సైటేనని నమ్మకం లేదు, అయినా ముందుకు పోతారా అని.

"అన్నా, మళ్లొచ్చిందే!"

భూమేష్ రిఫ్రెష్ కొట్టాడు. పాత ఫైళ్లు తుడిచాడు. వైర్లన్నీ పీకి పెట్టాడు. మిషన్‌ను ఆపి లేపాడు, నెత్తిన రెండు దెబ్బలేశాడు. దెబ్బకు గోడ మీది బల్లి జక్రాన్‌పల్లి దాకా ఉరికుంటుంది గానీ డబ్బా కదల్లేదు. ఆఖరికి తెర మూలన తారీఖు చూసి నాలుక్కరుచుకున్నాడు. లోకమంతా 2008లో ఉంటే కంప్యూటర్ 2002లో ఉంది.

"దీని లెక్కల గా సైటు ఇంక పుట్టనే లేదు చెల్లే. ప్రతి సైటుకు ఓ పెద్దమనిషి జమానతు ఉంటడు, గీడు నాకెరికే అని. తారీఖు తప్పితే గా జమానతు చెల్లది."

సరిచేశాడు. డబ్బా పోయింది. కరుణశ్రీ ఊపిరి పీల్చేలోగా కరెంటు రెప్పకొట్టింది. మిషన్ ఆగి లేచింది. మళ్లీ 2002. మళ్లీ డబ్బా.

"లోపటి గడియారం సెల్లు సచ్చింది. గడియారాల దుకాణంల పట్టుకొస్త. అందాక ఎస్ కొట్టుకుంట పో. ఎరుకున్న మొకమే గదా!"

భూమేష్ షట్టర్ కిందనుంచి దూరి పోయాడు.

పేరు కొడితే డబ్బా. ఎస్. ఊరు కొడితే డబ్బా. ఎస్. చదువు కొడితే డబ్బా. లక్షసార్లు అడిగింది ముదనష్టపుది. వేలు దానంతటదే పోతోంది.

"నీ నోట్ల మన్నువడ, ఎస్ అంటున్న గదనే!"

షట్టర్ గణగణమంది.

"బిడ్డా..."

అవ్వ గొంతు, రత్నవ్వదే. కింది సందులోంచి పసుపు పట్టిన పాదాలు కనిపిస్తున్నాయి.

"జర ఆగే అవ్వా, ఆఖరు పేజీ."

"లోపటికి రావాల్నా?"

కరుణశ్రీ తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు. డబ్బా. ఎస్.

"ఆఁ... రా!"

షట్టర్ లేచిన చప్పుడు కాలేదు. కానీ వెనక కుర్చీ కిర్రుమంది. గదంతా ఉడికిన పసుపు వాసన. దాని అడుగున ఇంకో వాసన... ఏండ్లకేండ్లు మూతేసిన బావిది. ఆ ఉడుకులో మెడ మీద చల్లగా ఊపిరి తగిలింది.

"బిడ్డా... పిన్‌కోడ్ తప్పు కొట్టినవ్."

చూసింది. నిజమే, ఓ అంకె తప్పు. దిద్దింది.

"గా కింద... చదివి ఒప్పుకుంటున్న అని ఉంది సూడు. గాడ టిక్కు పెట్టు."

పెట్టింది. పెట్టాక వేలు ఆగిపోయింది.

అవ్వకు అక్షరం ముక్క రాదు. తెర మీదున్నదంతా ఇంగ్లీషు.

తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. బల్ల మీదున్న తన ఫోన్ మోగింది. తడుముకుని చెవికి పెట్టుకుంది.

"కరుణా, నేనే అవ్వను. మెండోర చేన్ల ఉన్న. నా ఎంట తవ్వే నీలవ్వ ఫోన్‌తోని చేస్తున్న. పంపినవా బిడ్డా?"

కుర్చీ మళ్లీ కిర్రుమంది. ఈసారి దగ్గరగా. చెవి పక్కనే...

"చెప్పు... పంపుతున్న అని."

తెర మీద డబ్బా. ముందుకు పోతారా? నో కొడితే ఉద్యోగం పాయె. ఎస్ కొడితే... ఎవరికి ఎస్ అంటున్నట్టు?

"పంపుతున్న అవ్వా," అని గొణిగింది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఎస్ కొట్టింది.

షట్టర్ దడాలున లేచింది. ఎండ లోపలికి దూకింది.

"సెల్లు దొరికింది చెల్లే! అరే, గిట్ల కండ్లు మూసుకున్నవేంది?" అన్నాడు భూమేష్.

వెనక కుర్చీ ఖాళీ. తెర మీద, దరఖాస్తు అందింది అని.

ఆ నాటి సంగతి కరుణశ్రీ ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి ఉద్యోగం వచ్చింది. రత్నవ్వ సంబరానికి పోచంపాడ్ డ్యామ్ నిండేటట్టు ఏడ్చి, పెట్టె నెత్తిన పెట్టుకుని బిడ్డ వెంట పట్నం బస్సెక్కింది.

దవాఖాన గేటు దగ్గర వాచ్‌మన్ కాగితం చూశాడు.

"కరుణశ్రీవి నువ్వేనా? మీ అవ్వ మొన్ననే వచ్చిందమ్మా. పై వార్డుల పేషెంట్లకు నీళ్లు తాపుతుంది. మస్తు మంచి మనిషి." పెట్టె మోస్తున్న రత్నవ్వ వైపు తిరిగాడు. "మరి గీమె ఎవరు?"

కరుణశ్రీ తలెత్తి చూసింది. పైఅంతస్తు కిటికీలోంచి ఎవరో పసుపు పట్టిన చెయ్యి ఊపుతున్నారు.

పక్కన రత్నవ్వ పెట్టెను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యెత్తి తనూ ఊపింది. మెల్లగా... ఎన్నాళ్లకో కలిసిన చుట్టానికి ఊపినట్టు.