పెట్రోలు బండా... డీజిల్ బండా?

“అయితే ఆ పడవే అమ్మిపారేద్దాం! పీడా పోతుంది!”

డెల్మర్ అన్న ఆ మాటకి వెర్లీన్ చేతిలోని గరిటె పప్పు సూపు గిన్నెలో పడిపోయింది. పడవ అమ్మేయడమా! కూతురు జానెల్ పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో పడవ ఉంది. అక్టోబరు వచ్చిందంటే చాలు, పడవని ట్రక్కుకి తగిలించుకుని లూయిస్టన్ కొండ ఘాట్ రోడ్డు దిగి, స్నేక్ నదిలో స్టీల్‌హెడ్ చేపల కోసం పొద్దస్తమానం తిరగడం ఆ ఆలుమగలకి పండగ. ఆ నీళ్ళ మీదే పోట్లాడుకున్నారు, ఆ నీళ్ళ మీదే రాజీ పడ్డారు. అలాంటి పడవని ఈ మనిషి అమ్మేస్తానంటున్నాడు... అదీ ఒక ట్రక్కు కోసం!

పాత ట్రక్కు కోతల సమయంలో చేతులెత్తేసింది. కొత్తది కొనాలి, అందులో గొడవేమీ లేదు. పెట్రోలు బండి కొనాలా, డీజిల్ బండి కొనాలా అన్న దగ్గరే వచ్చి పడింది తంటా.

“నేనేమన్నానని ఇప్పుడు? మన చిన్న పడవకి పెట్రోలు బండి చాలదా అన్నాను, అంతేగా! చలికాలం మంచులో డీజిల్ గడ్డకట్టి బండి కదలకపోతే అప్పుడేం చేస్తావు?”

“నీకు తెలీదు వెర్లీన్. ఊరుకో.”

“నాకు తెలీదు సరే, నువ్వు చెప్పు! మొన్న లాగే బలం అన్నావు. నిన్న మైలేజీ అన్నావు. ఇవాళ ఇంజన్ పది కాలాలు మన్నుతుందంటున్నావు. అసలు సంగతేమిటో ఒక్కటి చెప్పు!”

డెల్మర్ కంచం పక్కకి నెట్టి, లేచి వెళ్ళిపోయాడు. ఒక కాలి చెప్పు బల్ల కింద ఉండిపోయింది. రెండో చెప్పుతోనే వరండా దాకా నడిచి వెళ్ళిన మనిషిని చూసి, కోపంలో ఒళ్ళు తెలియడం లేదు కాబోలనుకుంది వెర్లీన్.

ఆవిడకి అంతా అయోమయంగా ఉంది. డీజిల్ బండిని ఈ భూమ్మీద అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు డెల్మరే! అన్న నార్బర్ట్ తన డీజిల్ ట్రక్కులో వస్తూంటే, “అదిగో, మా అన్న బండి మోతకి ఊళ్ళో కోళ్ళన్నీ గుడ్లు పెట్టడం మానేశాయి” అని ప్రతి ఆదివారం చర్చి ముందు అందరినీ నవ్వించేవాడు. ఆ మనిషికి ఇప్పుడీ డీజిల్ పిచ్చి ఎక్కడిది? పొలాల మధ్య ఇల్లు, పొద్దున్నే లేస్తే అవే ముఖాలు... ఎవరు ఎక్కించి ఉంటారు?

ఉండబట్టలేక బావగారినే అడిగింది. నార్బర్ట్ కాఫీ కప్పు పట్టుకుని పకపకా నవ్వాడు. “నేనా? నేనెందుకు చెప్తానమ్మాయ్! పిల్లిపిల్లని మోయడానికి ఏనుగెందుకురా అని వాడి మొహమ్మీదే అన్నాను. మీ జెనెసీ ఊరి నుంచి నది ఎంత దూరమని?”

“మరి ఆయనెందుకింత పట్టుబడుతున్నాడు బావగారూ?”

“వాడి బుర్రలో ఏముందో వాడికే తెలియాలి!”

జానెల్‌కి ఫోను చేస్తే ఆ పిల్ల ఇంకో రకంగా భయపెట్టింది. “అమ్మా, నాన్న మనసేం బాలేదేమో... వయసు మళ్ళిన మగవాళ్ళు ఇలా ఉన్నట్టుండి మారిపోతారట!” ఆ రాత్రి వెర్లీన్‌కి కునుకు పట్టలేదు. పక్కనే పడుకున్న మనిషి తనకి తెలిసినవాడేనా అనిపించి కళ్ళు చెమర్చాయి...

చివరికి ఆవిడే ఒక ఉపాయం ఆలోచించింది. ట్రక్కుల కొట్టువాడిని బతిమాలి, ఒక్క రోజుకి పెట్రోలు ట్రక్కు తెచ్చుకుంది. “మన పడవే తగిలిద్దాం, మన ఘాటే దిగుదాం. లాగలేకపోతే నీ డీజిలే కొందాం, సరేనా?” “నీ ఇష్టం” అన్నాడు డెల్మర్ చివరికి. ఆ మాట విని, తానే గెలిచానని మురిసిపోయింది పిచ్చితల్లి!

ఘాట్ తల మీద నుంచి చూస్తే కింద స్నేక్ నదీ, దానిలో కలిసే మరో నదీ ఎండలో మెరుస్తున్నాయి. డెల్మర్ స్టీరింగ్ పట్టుకున్నాడు. దిగుడు మొదలైంది. వెనక పడవ బరువు బండిని ముందుకి తోస్తోంది. మొదటి మలుపు బాగానే తిరిగింది. “చూశావా, ఎంత సుఖంగా ఉందో!” అంటూ భర్త వైపు తిరిగింది వెర్లీన్.

డెల్మర్ రోడ్డు వైపు చూడటం లేదు. తల వంచి తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు!

ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి కాలి వైపు. తన పాదం ఏ పెడల్ మీద ఉందో కళ్ళతో వెతుక్కుంటున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. బ్రేకులు కాలిన కంపు లోపలికి కొట్టింది.

“డెల్మర్... అక్కడ పక్కన జాగా ఉంది. ఆపు.”

“ఏం కాలేదు...”

“ఆపమన్నానా!”

బండి గులకరాళ్ళ మీద జారి, కుదుపుతో ఆగింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అంది వెర్లీన్.

“వేసవి నుంచి... షుగర్ వల్లేనట. అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. చెప్పు ఊడినా తెలియదు. కాలు బ్రేకు మీద ఉందో, పక్కన ఉందో తెలియదు. నార్బర్ట్ డీజిల్ బండిలో ఒక మీట ఉంది. అది నొక్కితే దిగుడులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. కాలితో పెద్దగా పనుండదు. అదొక్కటి ఉంటే ఇంకో నాలుగేళ్ళు నెట్టుకురావచ్చనుకున్నాను...”

“పోయిన ఆదివారం టెస్‌ని కారులో ఎక్కించుకుని ఇదే ఘాట్ దిగావు! మనవరాలయ్యా అది!” వెర్లీన్ గొంతు చీరుకుపోయింది. “దానికేమన్నా అయ్యుంటే జానెల్‌కి నేను నా మొహం ఎలా చూపించేదాన్ని?”

“తెలుసు! ఆ రోజు నుంచే నాకు నిద్ర లేదు...” స్టీరింగ్ మీద తల ఆనించి, ఆ పెద్దమనిషి బావురుమన్నాడు. “చెప్తే తాళాలు తీసుకుంటావు. తాళాలు పోతే నది పోతుంది. నది పోతే నీ పక్కన నేనెవర్ని వెర్లీన్?”

ఇన్నాళ్ళూ పక్కలోనే ఉండి కనిపెట్టలేకపోయానే! ఆయన్ని పిచ్చివాడనుకున్నానే! ఆవిడకి కోపం, జాలి, సిగ్గు అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అయినా కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

“తాళాలు నాకియ్యి. నది ఎక్కడికీ పోదు. పడవ నువ్వు నడుపు. దానికి కాళ్ళతో పనిలేదు కదా!”

ఆ పూట మిగతా ఘాటంతా ఆవిడే దిగింది. ‘గేరు తగ్గించు’, ‘బ్రేకు మీద కాలు అదిమి ఉంచకు, తొక్కి వదులు’ అని పక్క నుంచి ఆయన చెప్తూనే ఉన్నాడు. ఆవిడ వింటూనే ఉంది. రేవు దగ్గర ట్రైలర్‌ని వెనక్కి నడపడం చేతకాక అడ్డదిడ్డంగా తిప్పింది. వెనక బళ్ళవాళ్ళు మర్యాదగా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

సోమవారం ట్రక్కుల కొట్టుకి నార్బర్ట్ కూడా వెంట వచ్చాడు. కొట్టువాడు అలవాటు ప్రకారం డెల్మర్ వైపు తిరిగాడు. “ఏం తేల్చుకున్నారు? పెట్రోలా, డీజిలా?”

డెల్మర్ ఒక్క క్షణం అన్న మొహం వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ అన్న ముందు ఓడిపోవడం ఎరగని మనిషి!

“నన్నడక్కండి. నా కాళ్ళు నాకు తెలియడం లేదు. ఇక నడిపేది మా ఆవిడే.”

నార్బర్ట్ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

అందరూ వెర్లీన్ వైపు చూశారు. డీజిల్ వద్దని ఇన్నాళ్ళు తాను వాదించిన వాదనలన్నీ ఏమైపోయాయో ఆవిడకే తెలియలేదు.

“డీజిల్,” అంది.

“ఎందుకే అంత ఖరీదు? ఆ చిన్న పడవకి పెట్రోలు చాలదూ!” అన్నాడు డెల్మర్.

“మొన్న ఘాట్ దిగింది నువ్వా, నేనా? ఆ మీట ఉన్న బండే కావాలి నాకు!”

బండి బయటికి తెచ్చారు. బానెట్ మీద చెయ్యి ఆనించి, ప్రతి అడుగూ చూసుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళి, డెల్మర్ అవతలి తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. వెర్లీన్ స్టీరింగ్ ముందు కూర్చుని సీటు ముందుకి జరుపుకుంది.

“ఇంకాస్త జరుపుకో,” అన్నాడు డెల్మర్, ఆవిడ పాదం వైపే చూస్తూ. “కాలు పూర్తిగా ఆనాలి.”