నిన్నటి మందే

ఆ వార్డులో పట్టపగలే గంట మోగేది. రోగులకే వినిపించేది.

కిటికీ పక్క మంచం మీద తాపీమేస్త్రీ, తర్వాత దర్జీ, ఆ పక్కన కుర్ర డాక్టర్ వాళ్ల అమ్మమ్మ. ఒకరు గోడవైపు తల తిప్పి చెవి రిక్కిస్తే మిగతా ఇద్దరూ తిప్పేవాళ్లు. బయట ముసురు. నర్సులు ఆ వరుసలోకి ఒంటరిగా వెళ్లడం మానేశారు.

కుర్ర డాక్టర్‌కి మాత్రం ఆ గంట కంటే కొత్త ఫార్మసిస్టును చూస్తేనే గుండెదడ. ఆ పిల్ల రావడమే తగాదాతో వచ్చింది. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా ఆ యాంటీబయాటిక్ ఇంజక్షన్ దేనికని అడిగింది. పెద్ద డాక్టర్ మొదలుపెట్టినదాన్ని ఆపడానికి మీరెవరని ఇతను కసిరాడు. ఆమె కళ్లెత్తి ఒక్క చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు తర్వాత ఇతనికి అన్నం సయించలేదు.

నిజానికి ఇతను రాసిందేమీ లేదు. కంప్యూటర్లో 'నిన్నటిదే' అని ఒక బటన్ ఉంది. పొద్దున్నే అది నొక్కితే వార్డు మొత్తానికీ నిన్నటి మందులే. డాక్టర్లంతా నొక్కుతారు, రోగి మొహం చూడకుండా. దీన్ని వైద్యం అంటారట!

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"గంట ఆగట్లేదురా నాన్నా. పోయిన మీ తాతయ్య పిలుస్తున్నట్టుంది. వెళ్లనా?"

అతని వెనకనుంచి ఫార్మసిస్టు మెల్లగా అంది.

"గంట గోడలో లేదు డాక్టర్‌గారూ. ముగ్గురికీ ఒకటే ఇంజక్షన్. చెవి నరం చచ్చిపోతూ మోగుతోంది."

అది అతనికి తెలియని సంగతి కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

ముగ్గురికీ ఇంజక్షన్ ఆపించాడు. పెద్ద డాక్టర్ గదికెళ్లి తన తప్పు ఒప్పుకున్నాడు, ఆ బటన్ తీసేస్తే గాని డ్యూటీ చెయ్యనన్నాడు. ఆయన చిందులు తొక్కి తొక్కి చివరికి దిగొచ్చాడు. ఇక మీదట రెండ్రోజులకోసారి డాక్టరూ ఫార్మసిస్టూ మంచం పక్కన నిలబడి, యాంటీబయాటిక్ ఇంకా ఎందుకో తేల్చాకే రాయాలి.

మొదటిసారి అమ్మమ్మ మంచం దగ్గరే నిలబడ్డారు.

"ఇలా ఎన్నాళ్లు పోట్లాడుకుంటాం మనం?" అంది ఫార్మసిస్టు.

"మీరు సరేనంటే, మనింటికెళ్లాక కూడా."

అమ్మమ్మ వాళ్ల పెదవులవైపే చూస్తోంది.

"గట్టిగా అడగరా. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగమే. పిల్ల ఏమంటుందో నేనూ వినాలిగా."

అతను తల దించుకున్నాడు. ఫార్మసిస్టు వంగి, ఆ మిగిలిన సగం చెవిలో జవాబు చెప్పింది. అతనికి వినిపించలేదు.

అమ్మమ్మ నవ్వి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.