అరవై కార్డులకు లామినేషన్

పెనంలో వెల్లుల్లి ఎర్రబడుతుండగా ఎల్మార్ ఫోను టింగుమంది. లూనింగ్ రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి తిప్పుతోంది. పెళ్ళయి నలభై రోజులే. మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నా, నోటినిండా నురగతో పళ్ళు తోముకుంటున్నా ముచ్చటగా కనిపించే రోజులవి. ఆ మొగుడు ఇప్పుడు ఫోను చూస్తూ గుమ్మంలో కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు.

"ఏమైంది? ఎవరికైనా ఏమైనా..."

"సీటొచ్చింది."

"ఏ సీటు? బస్సులోనా?"

"దేశపోటీలో! ఒకడు మానుకున్నాడట. వరుసలో తర్వాతి పేరు నాదే. ఎల్లుండి ఆదివారం, పసాయ్ నగరంలో పెద్ద హాలు!"

లూనింగ్ అట్లకాడ పట్టుకునే రెండు గంతులేసింది. అతను ఆమెను నడుం పట్టుకుని ఎత్తి తిప్పాడు. కింద దించేసరికి అన్నం అడుగంటింది. ఇద్దరూ ఆ మాడిన ముక్కల కోసం పోట్లాడుకుంటూ, పెనంలోంచే గోకి తిన్నారు.

వెనక వసారాలో ఎల్మార్ తల్లి పాసింగ్ రొయ్యలు ఒలుస్తోంది. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ పళ్ళేలకొద్దీ పాన్సిత్ సేమ్యాలు వండి ఇవ్వడం ఆవిడ పని. సముద్రం ఒడ్డునున్న ఈ మలబోన్ ఊరు మొత్తంలో ఆమె చేతి పాన్సిత్‌కు పేరుంది.

"నానాయ్, కార్డుల దేశపోటీకి నన్ను తీసుకున్నారు!" అన్నాడు ఎల్మార్.

ఆవిడ తలెత్తలేదు. "రొయ్యలు మెత్తబడుతున్నాయి. వెళ్ళి ఐసు తీసుకురా."

లూనింగ్ మొహం చిన్నబోయింది. ఎల్మార్ మాత్రం నవ్వేసి, "నాకలవాటే. కార్డులన్న మాట ఆవిడ చెవికెక్కదు," అని ఐసు తెచ్చిచ్చి పనికి వెళ్ళిపోయాడు.

ఎందుకు ఎక్కదో లూనింగ్‌కు కొంత తెలుసు. ఆ కార్డులు ఎల్మార్ అన్న డిండోవి. పేకముక్కలు కావు, బొమ్మల కార్డులు; ఎవరి అరవై వాళ్ళు తెచ్చుకుని ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట. నాలుగేళ్ళ కిందట వరదల నెలలో, మురికి నీళ్ళలోంచి గాయాల ద్వారా ఒంట్లోకి పాకే ఎలుక జ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. అతను ఆడిన అరవై కార్డులతోనే తమ్ముడు ఇప్పటికీ ఆడుతున్నాడు. డిండో రోజుల్లో అయిదారుగురు కుర్రాళ్ళు బజారు వెనక మెట్ల మీద కూర్చుని ఆడుకునేవాళ్ళట. కాపలావాడు కర్రతో తరిమితే ఇంకో మెట్టు మీదికి మారేవాళ్ళట. ఇప్పుడు ప్రతి మాల్‌లోనూ ఒక కార్డుల కొట్టుంది. దూరపు దీవుల్లోని సెబూ నుంచీ దావావ్ నుంచీ విమానాలెక్కి వస్తున్నారు. పోయిన నెల జరిగిన పోటీలో మూడు వందల మంది కూర్చున్నారు. క్రికెట్‌కు మనవాళ్ళు చెప్పినట్టు, ఆటకు మైకులో వ్యాఖ్యానం కూడా చెప్పారు. "ఇదంతా కుయా చూడాల్సింది," అని ఎల్మార్ ఆ రోజంతా అంటూనే ఉన్నాడు. అన్నను కుయా అనేవాడు.

గిన్నెలు కడుగుతూ లూనింగ్ బయటికి చూసింది. మబ్బు పట్టింది. మలబోన్‌లో వాన అక్కర్లేదు, సముద్రం పోటెత్తితే చాలు, వీధిలోకి నీళ్ళొస్తాయి. అందుకే ఈ ఇంట్లో విలువైన కాగితమేదీ ఊరికే ఉండదు. పుట్టిన సర్టిఫికెట్లు, చర్చి కాగితాలు, లూనింగ్ డిగ్రీ పట్టా, అన్నిటికీ లామినేషనే. పోయిన వారం వాళ్ళ పెళ్ళి పత్రానికి ఎల్మారే దగ్గరుండి చేయించి, గోడకు కొట్టి, పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడు.

మరి ఎల్లుండి పోటీకి వెళ్ళే కార్డులు?

ఆ ఆలోచన రాగానే ఆమె గిన్నెలు అక్కడే వదిలేసింది. బీరువాలోంచి పెట్టె తీసింది. ఒక్కో కార్డుకూ పల్చటి ప్లాస్టిక్ సంచి ఉంది. పైన తెరిచే ఉంది, నీళ్ళు ఆగుతాయా దీనికి? సంచులన్నీ తీసేసి, కార్డులు గుడ్డలో చుట్టుకుని మునిసిపల్ ఆఫీసు ఎదురుగా ఉన్న లామినేషన్ కొట్టుకు పరుగెత్తింది.

"బొమ్మలు భలే ఉన్నాయే. పిల్లలకా?" అన్నాడు కొట్టువాడు.

"మా ఆయనకి!" అని ఆమె పకపకా నవ్వింది. రెండు గంటలు స్టూలు మీద కూర్చుని, వేడివేడిగా బయటికొచ్చే ఒక్కో కార్డునూ తెచ్చిన గుడ్డతో తుడిచి పేర్చుకుంది.

సాయంత్రం నాలుగింటికి ఎల్మార్ రెండు రోజుల సెలవు సంపాదించుకుని వచ్చాడు. ఆమె అతని కళ్ళు మూసి, చేతిలో కార్డుల కట్ట పెట్టింది.

"ఊఁ, ఇప్పుడు చూడు!"

అతను చూశాడు. రెండు మూడు కార్డులు వంచి చూశాడు.

"అన్నీనా?"

"అరవైకి అరవై! ఇక వరదలో పడేసినా ఏం కాదు."

"కలపడానికి కూడా రావు లూనింగ్ ఇవి. బల్ల దగ్గరికే రానివ్వరు. కార్డు సంచి మీద గోటి గీత ఉంటేనే గుర్తు పెట్టుకున్నారని బయటికి పంపుతారు." వంటింట్లోంచి బ్లేడు తెచ్చి ఒక కార్డు అంచు కోసి, ప్లాస్టిక్‌ను మెల్లగా లాగాడు. బొమ్మలో ఉన్న డేగ మొహం ప్లాస్టిక్‌తో పాటే ఊడొచ్చింది. కింద తెల్లటి అట్ట మిగిలింది.

"తడవకూడదని..." అంది లూనింగ్.

"డిగ్రీ చదివావుగా! ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా? కుయా చేతుల్లో అరిగిన కార్డులివి. వాడివంటూ ఇంట్లో మిగిలినవి ఇవే. నాలుగు వరదల నుంచి కాపాడుకున్నాను. నీ నుంచి కాపాడుకోలేకపోయాను!"

లూనింగ్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు.

"దాన్ని అనకురా."

వసారా గుమ్మంలో పాసింగ్ నిలబడి ఉంది.

"నువ్వు ఊరుకో నానాయ్. నీకేం తెలుసు వీటి సంగతి?"

"నాకే తెలుసు. డిండో వరద నీళ్ళలోకి దిగిన రోజు వీటి పెట్టె కింది గదిలోకి ఎలా వచ్చిందనుకున్నావు?"

"కుయాయే మర్చిపోయి పెట్టాడు."

"నేను పెట్టాను." ఆవిడ గుమ్మం పట్టుకుంది. "పరీక్ష తప్పాడని ఒళ్ళుమండి, పైనుంచి తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక అరలో దాచాను. తెల్లారేసరికి నీళ్ళొచ్చాయి. వాడు ఇల్లంతా వెతికి, వెతికి, చివరికి నన్నడిగాడు. వాడి పాదానికి గాయముందని నాకు తెలుసు. నేనే కట్టు కట్టాను. అయినా దిగొద్దని అన్నానా? అనలేదు. 'పో, దిగి తెచ్చుకో, బుద్ధొస్తుంది' అన్నాను."

ఎల్మార్ బ్లేడు కింద పెట్టేశాడు.

"పెట్టె నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నవ్వుకుంటూ వచ్చాడురా. 'ఒక్కటీ తడవలేదు నానాయ్' అన్నాడు. ఈ పిల్ల ముచ్చటపడి చేసింది. నేను కావాలని చేశాను. అరవాలంటే నా మీద అరుచుకో."

"నాలుగేళ్ళు..." అన్నాడతను. "నాతో ఒక్కసారి కూడా..."

"చెబితే నువ్వూ ఇల్లొదిలి పోతావని."

ఎల్మార్ లేచి బయటికి వెళ్ళాడు. వీధి చివరి దాకా వెళ్ళి ఉంటాడు. లూనింగ్ వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. నలభై రోజుల్లో అతను చెప్పకుండా గడప దాటడం అదే మొదటిసారి. అరగంట తర్వాత తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేరుగా వసారాలోకి వెళ్ళి, తల్లి పక్కన నేల మీద చతికిలబడి, గిన్నె లాక్కుని రొయ్యలు ఒలవడం మొదలుపెట్టాడు. ఆవిడ మోచేయి అతని మోచేతికి తగిలింది. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు.

కాసేపటికి లూనింగ్ కూడా వచ్చి కూర్చుంది. అతను ఆమె చేతిలో నాలుగు రొయ్యలు పెట్టి, "నిన్ను అంత మాట అనకూడదు," అన్నాడు.

అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు. ముక్కు ఎగబీలుస్తూనే అడిగింది. "ఎవరైనా అరువిస్తారా కార్డులు?"

"కుయాతో మెట్ల మీద ఆడిన జట్టు వాళ్ళే ఇప్పుడు ఇక్కడి మాల్‌లో కార్డుల కొట్టు నడుపుతున్నారు. వాళ్ళ దగ్గర అన్నీ ఉంటాయి. కాకపోతే ఏ మొహం పెట్టుకుని..." అతను తల్లి వైపు చూసి ఆగిపోయాడు.

"ఆగావేం, చెప్పు," అంది పాసింగ్. తర్వాత కోడలి వైపు తిరిగింది. "వాడి శవం ముందు గదిలో ఉండగా ఆ అయిదుగురూ వచ్చారమ్మా. శవపేటికలో వాడి పక్కన పెడతామని తలో కార్డూ తెచ్చారు. నేను తలుపేసేశాను. చావింటికి వచ్చిన వాళ్ళను ఎక్కడైనా వెనక్కి పంపుతారా? ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా కాఫీ, బిస్కెట్లు ఇచ్చి కూర్చోబెడతాం కదా. నేను పంపాను. వాళ్ళు వీధిలో వానలో నిలబడి ప్రార్థన చేసుకుని పోయారు."

ఆవిడ చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంది.

"కొట్టు ఎన్నింటికి తీస్తారు?"

"పదింటికి."

"అయితే రేపు నాలుగింటికే లేవాలి. ఎల్మార్, నువ్వు బజారుకెళ్ళి సేమ్యా తేవాలి. లూనింగ్, నువ్వు నాతో పొయ్యి దగ్గర ఉండాలి. పెద్ద పళ్ళెం పాన్సిత్, రెండు ఫ్లాస్కుల కాఫీ. ముగ్గురం వెళ్దాం."

"కార్డులు నేను అడుగుతాలే నానాయ్," అన్నాడు ఎల్మార్.

"నేనే అడుగుతాను. తర్వాత." ఆవిడ రొయ్యల గిన్నె మీద మూత పెట్టింది. "ముందు వాళ్ళను కూర్చోబెట్టి కాఫీ పోయనీ."